కరెంటు బండి ఫైబర్ బాడీకి పుట్టీ చాలదు

అనంతపురం వీధుల్లో కరెంటు ఆటోలు, కరెంటు లోడింగు బండ్లు ఏటేటా పెరుగుతున్నాయి. వీటిలో చాలావాటికి ముందు భాగం, మడ్‌గార్డు, పక్క ప్యానెళ్లు, పైకప్పు ఇనుప రేకుతో చేసినవి కావు. ఏదో ఒక రకం ప్లాస్టిక్‌తోనో, గాజు నార కలిపిన, ద్రవంగా ఉండి తర్వాత గట్టిపడే రెజిన్‌తోనో పోత పోసినవి. అలాంటి భాగం పగిలిన రోజున యజమానికి రెండు దారులే కనిపిస్తాయి. పగిలినదాన్ని పారేసి కొత్తది బిగించాలని షోరూములో చెబుతారు. రోడ్డు పక్క షెడ్డులోనైతే పగులు మీద పుట్టీ పూసి, రంగు కొట్టి, సాయంత్రానికి బండి ఇచ్చేస్తారు. మొదటి దారిలో నెల సంపాదనలో పెద్ద ముక్క పోతుంది. రెండో దారిలో వేసిన రంగు పాతబడకముందే పగులు మళ్లీ తేలుతుంది. ఈ రెండూ కాక మూడో దారి ఉంది. పగిలిన ఫైబర్‌ను దాని అసలు బలానికి దగ్గరగా తిరిగి కట్టవచ్చు. ఆ విద్య తెలిసినవారు ఈ ప్రాంతంలోనే ఉన్నారు కూడా. దాన్ని షెడ్లకు చేర్చకుండా కరెంటు బండ్లను మాత్రం పెంచుకుంటూ పోవడం తప్పని నా వాదన.

నేను మెకానికల్ ఇంజనీరింగు పాఠాలు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. బళ్లారి రోడ్డు వైపు ఉన్న ఫైబర్ షెడ్లలో కూర్చుని పని చూడటం నాకు చాలాకాలంగా అలవాటు. ఆ పనివాళ్ల చేతివాటం మీద నాకు గౌరవం ఉంది. అద్దంలా మెరిసే నునుపు వాళ్లు తేగలరు. వాళ్లకు ఎవరూ చెప్పనిది ఆ నునుపు కింద ఏం జరగాలన్నదే.

చెయ్యి పెట్టే ముందు చేయవలసిన మొదటి పని ప్యానెల్‌ను తిరగేసి చూడటం. కంపెనీ పోత పోసిన భాగాల లోపలివైపు, రెండు బాణపు గుర్తుల మధ్య, చిన్న ఇంగ్లీషు అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్. ఏబీఎస్ అని ఉంటే అది మరో ప్లాస్టిక్. జీఎఫ్ అని ఉండి పక్కన అంకె ఉంటే బరువులో అంత శాతం గాజు నార కలిసిందని అర్థం. చాలా బంపర్ల వెనక టీడీ20 అని కనిపిస్తుంది. అంటే 20 శాతం టాల్క్ పొడి. టాల్క్ అంటే మనం చిన్నప్పుడు పలక మీద రాసుకున్న బలపపు రాయే. తాడిపత్రి, బేతంచెర్ల పక్కల దాన్ని తవ్వి తీస్తారు. షెడ్డులో వాడే పుట్టీలో కూడా చాలా భాగం ఈ టాల్క్ పొడే.

ఈ అక్షరాలు చదవడం ఎందుకంటే, వేడి చేస్తే మెత్తబడే ప్లాస్టిక్‌కు, ఒకసారి గట్టిపడితే ఇక కరగని రెజిన్‌కు వైద్యం ఒకటి కాదు. పీపీ బంపర్‌ను అదే రకం ప్లాస్టిక్ పుల్లతో, వేడిగాలి తుపాకీతో అతకవచ్చు. దాని మీద రెజిన్ వేసి మ్యాట్ (గాజు నార ముక్కలతో చేసిన చాప లాంటి పొర) అంటిస్తే ఆరిన తర్వాత పెచ్చులా ఊడి వస్తుంది. ఏబీఎస్‌ను ద్రావకంతో మెత్తబరిచి కలపవచ్చు. గాజు నార, పాలిస్టర్ రెజిన్‌తో చేసిన ప్యానెల్‌ను వేడి చేస్తే అది కరగదు, మాడిపోతుంది. దాన్ని అరగదీసి, పొరలు పొరలుగా కొత్త నారతో కట్టాలి. షెడ్డుకు వచ్చే ప్రతి ముక్కనూ "ఫైబర్" అనే ఒకే పేరుతో పిలిచి, ఒకే మందు వేయడం వల్లనే సగం పనులు చెడిపోతున్నాయి.

ఈ పదార్థంతో బండి బాడీ ఎందుకు కట్టాలన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. తుప్పు పట్టదని అందరూ చెప్పే కారణం విశాఖపట్నానికో కాకినాడకో బాగా వర్తిస్తుంది. వానలే అంతంత మాత్రంగా కురిసే అనంతపురంలో, సముద్రపు ఉప్పుగాలి సోకని చోట, అది పెద్ద వాదన కాదు. మనకు లెక్కలోకి రావలసింది బరువు. 0.8 మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకు సుమారు 6.3 కిలోలు తూగుతుంది. మ్యాట్, పాలిస్టర్ రెజిన్‌తో చేతితో వేసిన ఫైబర్ 2.5 మిల్లీమీటర్ల మందానికి 3.75 కిలోల దగ్గర ఉంటుంది. ఉక్కు బిగువు, అంటే సాగకుండా వంగకుండా నిలిచే గుణం, ఈ రకం ఫైబర్ బిగువుకు దాదాపు 28 రెట్లు. అయితే పలక వంగకుండా నిలవడం దాని మందపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, మూడు రెట్ల పైచిలుకు మందమున్న ఫైబర్ పలక ఆ ఉక్కు రేకుతో సమానంగా నిలుస్తుంది. అంటే వంగుడు విషయంలో ఏమీ కోల్పోకుండా 40 శాతం బరువు తగ్గుతుంది. బ్యాటరీ బరువును తప్పించుకోలేని బండికి, ఒక్క ఛార్జింగుతో ఇంకో రెండు ట్రిప్పులు కొట్టాలని చూసే డ్రైవరుకు, ఇది నిజమైన లాభం. అదే ఫైబర్‌ను అజాగ్రత్తగా నాలుగు మిల్లీమీటర్ల మందం వేస్తే చదరపు మీటరు 6 కిలోలకు చేరి, మిగిలింది ఏమీ ఉండదు. పగిలిన ప్రతిసారీ పుట్టీ గుప్పించిన ప్యానెల్‌కు జరిగేదీ ఇదే.

రెండో కారణం ఖర్చుకు సంబంధించింది. పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారవుతున్న కియా కర్మాగారం లాంటి చోట ఉక్కుకు ఎదురులేదు, ఎందుకంటే రేకును ఒత్తి రూపమిచ్చే ప్రెస్సు డైల మీద పెట్టిన భారీ పెట్టుబడి లక్షల బండ్ల మీద పంచుకుపోతుంది. వందల్లో, కొద్ది వేలల్లో మాత్రమే చేసే బండ్లకు ఆ లెక్క కుదరదు. ఒక చెక్క నమూనా, దాని మీద తీసిన ఫైబర్ మోల్డు ఉంటే చాలు, చిన్న షెడ్డు కూడా బాడీ చేయగలదు. 1953లో జనరల్ మోటార్స్ మొదటి ఏడాది షెవర్లే కార్వెట్ 300 కార్లకు గాజు నార బాడీ వేసింది. 2001లో బెంగళూరులో వచ్చిన రేవా కరెంటు కారుకు లోపల ఉక్కు గొట్టాల చట్రం, పైన ఏబీఎస్ ప్యానెళ్లు. మనకు తగిన పద్ధతి ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. బరువు మోసే పని, గుద్దుకున్నప్పుడు మనిషిని కాపాడే పని ఉక్కు చట్రానిది. గాలిని, ఎండను, దుమ్మును ఆపే పని ఫైబర్ ప్యానెల్‌ది. బీఎండబ్ల్యూ ఐ3 కారుకు 2013 నుంచి 2022 వరకు మనుషులు కూర్చునే గది మొత్తం కార్బన్ నారతోనే కట్టారు. అది గొప్ప పనే, కానీ మన షెడ్లు అనుకరించవలసిన పని కాదు. కార్బన్ నార ధర ఒక అడ్డంకి. అది కరెంటును ప్రవహింపజేస్తుంది, అల్యూమినియానికి తగిలి ఉంటే తేమలో ఆ అల్యూమినియాన్ని తినేస్తుంది. దాన్ని అరగదీసినప్పుడు లేచే పొడి మోటారును నడిపే కంట్రోలరులోకి పోతే షార్టు అవుతుంది. గాజు నారకు ఈ చిక్కులు లేవు.

ఇక పగులు దగ్గరికి వద్దాం. ఆటో ముందు మడ్‌గార్డు మీద జానెడు పగులు ఉందనుకోండి. షెడ్డులో మామూలుగా జరిగేది: పై రంగును కాస్త గీకి, పగులులో పుట్టీ నింపి, ఎమెరీ కాగితంతో రుద్ది, ప్రైమరు, ఆపై రంగు. కొందరు వెనకవైపు ఒక అల్యూమినియం పట్టీ పెట్టి రివెట్లు కొడతారు. పుట్టీలో నార లేదు కాబట్టి దానికి లాగుడుకు నిలిచే బలం లేదు. ప్రతి స్పీడు బ్రేకరు మీద ప్యానెల్ కొద్దిగా వంగి లేస్తుంది, పుట్టీ వంగలేక విరుగుతుంది. రివెటు కొట్టిన చోట తెగిన నారల నుంచి కొత్త పగుళ్లు బయలుదేరతాయి.

సరైన పని వేరుగా మొదలవుతుంది. ముందుగా పగులు రెండు కొసల్లో చిన్న రంధ్రాలు వేయాలి, అప్పుడే అది ముందుకు పాకదు. ఆ తర్వాత పగులు చుట్టూ ఉన్న ఫైబర్‌ను గ్రైండరుతో వాలుగా, తడిసిన తామరాకు అంచులా లోపలికి పల్చబడేట్టు అరగదీయాలి. ఆ వాలు మందానికి కనీసం 12 రెట్ల వెడల్పు ఉండాలి. మూడు మిల్లీమీటర్ల ప్యానెల్ అయితే పగులుకు ఇటు నాలుగు సెంటీమీటర్లు, అటు నాలుగు సెంటీమీటర్లు. ఇంత వెడల్పు ఎందుకంటే, కొత్త నారను పాత నార ముట్టుకోదు, వాటి మధ్య బలాన్ని మోసేది రెజిన్ అతుకు ఒక్కటే. అతుకు ఎంత పరుచుకుంటే దానిమీద పడే లాగుడు అంత తగ్గుతుంది. నిగనిగలాడే పాత తలం మీద కొత్త రెజిన్ పట్టదు, కాబట్టి మెరుపు పూర్తిగా పోయి గరుకు తేలాలి. పొడిని తుడిచి, అసిటోన్ వేసిన శుభ్రమైన గుడ్డతో జిడ్డు తీసి, ఇక అక్కడ చెయ్యి తాకకూడదు. వెనకవైపు ఒక పొర ఆధారంగా వేసి, ముందువైపు చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్‌ను చిన్న ముక్క మీద పెద్ద ముక్కగా వేసుకుంటూ రావాలి. ఒక్కో పొర సుమారు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. రెజిన్‌ను బ్రష్షుతో పూయడం కాదు, పొడిచినట్టు అద్దాలి. గాడుల రోలరుతో గాలి బుడగలను బయటికి తోయాలి. తెల్లగా కనిపించే ప్రతి చుక్కా రెజిన్ తడపని నార, అంటే బలం లేని చోటు. ఇదంతా అయ్యాక, పై నునుపు కోసం మాత్రమే, వేలిగోరంత పల్చగా పుట్టీ.

అతుకు బాగా పట్టాలంటే పాలిస్టర్ కన్నా ఎపాక్సీ అనే మరో రకం రెజిన్ మెరుగు. కానీ మామూలు మ్యాట్‌లో నారను పట్టి ఉంచే జిగురు పాలిస్టర్‌లోని స్టైరీన్‌కు కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. ఎపాక్సీ వాడేవారు నేసిన గుడ్డనే తీసుకోవాలి. ఇంకో సంగతి: ఎపాక్సీ పాత పాలిస్టర్ మీద బాగా పట్టుకుంటుంది కానీ, ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా పట్టదు. ఈ రెండు మాటలు తెలియక ఖరీదైన మందు కొని పని పాడు చేసుకున్నవారిని చూశాను.

రాయలసీమ ఎండ మరో అధ్యాయం. మే నెలలో రేకుల షెడ్డు కింద పనిచేసే కుర్రాడొకడు నాతో, "సార్, ఈ ఎండకు మందు డబ్బాలోనే గడ్డకడుతోంది, మ్యాట్ మీదికి పోనే లేదు" అన్నాడు. అతను చెప్పినదాంట్లో రసాయన శాస్త్రమంతా ఉంది. పాలిస్టర్ రెజిన్‌కు హార్డ్‌నర్ బరువులో ఒకటి నుంచి రెండు శాతం కలుపుతారు. వేడి పెరిగితే అదే పాళ్లకు గడ్డకట్టే సమయం తగ్గిపోతుంది. అందుకని చాలామంది హార్డ్‌నర్‌ను ఒక శాతానికన్నా బాగా తగ్గించేస్తారు. అప్పుడు రెజిన్ గట్టిపడ్డట్టు కనిపించి లోపల సగం పచ్చిగా మిగులుతుంది. ఆ బండి నాలుగు మధ్యాహ్నాలు ఎండలో నిలబడేసరికి, మిగిలిన రెజిన్ అప్పుడు ముడుచుకుని, రంగు కింద నుంచి మ్యాట్ గీతలు పైకి తేలతాయి. హార్డ్‌నర్‌ను కోయడం కన్నా తెల్లవారుజామున పని మొదలుపెట్టడం, కొద్ది కొద్దిగా కలుపుకోవడం, రెజిన్ డబ్బాను నీడలో, తడి గోనె మీద ఉంచడం మేలు. కలిపే వరుస గురించి కూడా ఒక మాట తప్పనిసరిగా చెప్పాలి. రెజిన్ త్వరగా గట్టిపడేందుకు వేసే ఊదారంగు కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డ్‌నర్ పోయాలి. ఆ రెండూ నేరుగా ఒకదానికొకటి తగిలితే పేలుతాయి. రెండింటినీ ఒకే అలమరలో పక్కపక్కన పెట్టిన షెడ్లు మన ఊళ్లో ఉన్నాయి.

కరెంటు బండి కాబట్టి అదనపు జాగ్రత్తలు తప్పవు. ఆటోల్లో తరచు 48 వోల్టులే ఉన్నా, కార్లలో కొన్ని వందల వోల్టులు ఉంటాయి. నారింజ రంగు తీగలు కనిపించిన చోట, కంపెనీ చెప్పిన పద్ధతిలో బ్యాటరీ సంబంధం తీసి, కరెంటును నిల్వ ఉంచే కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగకుండా గ్రైండరు పెట్టకూడదు. రంగు ఆరబెట్టే వేడి గదిలోకి బండిని బ్యాటరీతో సహా తోయాలంటే ఎంత వేడి, ఎంతసేపు అన్నది ఆ బండి మాన్యువల్ చూసి నిర్ణయించాలి. బ్యాటరీ పెట్టె మూత కూడా కొన్ని బండ్లలో కాంపోజిటే, అంటే నార, రెజిన్ కలిపి చేసినదే. దాన్ని మాత్రం ఏ షెడ్డూ అతకరాదని నా కచ్చితమైన అభిప్రాయం. నీరు లోపలికి పోకుండా, లోపల మంట లేస్తే కొంతసేపైనా పైకి రాకుండా ఆపవలసిన భాగమది; మన చేతి అతుకు ఆ రెండు పనులూ చేస్తుందని హామీ ఇచ్చే పరీక్ష షెడ్డులో లేదు. అక్కడ కొత్తది బిగించడమే న్యాయం.

పనివాడి ఊపిరి గురించి మాట్లాడకుండా ఈ పనిని పొగడటం నాకు ఇష్టం లేదు. పులివెందుల పక్కన రాతినార (ఆస్బెస్టాస్) గనులు చూసిన కడప జిల్లావాళ్లకు నార పొడి అంటే భయం ఉండటం సహజం. బండ్ల ఫైబర్‌లో వాడే గాజు నార ఆ రాతినార లాంటిది కాదు. అది నిలువునా సన్నని పోగులుగా చీలదు, ఊపిరితిత్తుల లోతుకు చేరేంత సన్నగా సాధారణంగా ఉండదు. చర్మానికి దురద, కళ్లకు మంట మాత్రం ఖాయం. షెడ్డులో అసలు ప్రమాదం ముక్కుకు ఘాటుగా తగిలే స్టైరీన్ ఆవిరి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో దాన్ని మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో చేర్చింది. మూతికి కట్టుకున్న తువ్వాలు పొడిని కొంత ఆపుతుందేమో కానీ ఆవిరిని ఏమాత్రం ఆపదు. ఉత్తేజిత బొగ్గు డబ్బాలున్న మాస్కు, ఆవిరిని బయటికి లాగే ఫ్యాను ఉండాలి. వాటి ఖర్చు కూలిలో కలవాలి, బేరంలో కోసేది అది కాకూడదు.

పాత ఫైబర్ కరగదు, కుళ్లదు, మరి ముక్కలన్నీ ఏమవుతాయని అడిగేవారున్నారు. సరైన అభ్యంతరమే. చెత్తకుప్పలో కాలిస్తే విషపు పొగ. మన ప్రాంతానికి ఒక వీలుంది: తాడిపత్రి, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, బేతంచెర్ల దాకా సిమెంటు బట్టీలు ఉన్నాయి. జర్మనీలో గాలిమరల పాత రెక్కలను ముక్కలు చేసి సిమెంటు బట్టీలకు పంపుతున్నారు. రెజిన్ ఇంధనంగా మండుతుంది, గాజులోని సిలికా, సున్నం, అల్యూమినా బట్టీలో తయారయ్యే సిమెంటు గడ్డల్లో (క్లింకరులో) కలిసిపోతాయి. గాజులో బోరాన్ ఉంటుంది కాబట్టి మోతాదుకు హద్దు ఉంటుంది. షెడ్ల నుంచి వచ్చే ముక్కలు ఆ హద్దును ఎన్నడూ చేరవు.

బీమా నిబంధనలు తెలిసిన యజమాని బాగుచేయించడానికే మొగ్గు చూపాలి. మోటారు బీమాలో భాగాలు మార్చినప్పుడు తరుగుదల కోస్తారు. ఇనుప భాగాలకు బండి ఆరు నెలలు దాటేవరకు కోత లేదు. ఫైబర్ గ్లాసు భాగాలకు మొదటి రోజు నుంచే 30 శాతం, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం. తరుగుదల లేని అదనపు పాలసీ తీసుకోనివాళ్లు ఆ మేరకు సొంత డబ్బు పెట్టుకోవాలి. మరమ్మతు కూలి మీద ఈ కోత లేదు. అయినా షోరూముల్లో ఈ మాట ఎవరూ చెప్పరు, ఎందుకంటే అతికే మనిషి అక్కడ లేడు. ఇక బాడీ రూపమే మార్చాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ఆర్సీలో రాసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు. నేను చెబుతున్నది ఉన్న ప్యానెల్‌ను ఉన్న రూపానికే తేవడం గురించి.

ఆ అతికే మనిషి ఎక్కడున్నాడంటే రామగిరి కొండల మీద, కదిరి వైపు, ఉరవకొండ వైపు గాలిమరల దగ్గర. 1990లలోనే రామగిరిలో గాలిమరలు లేచాయి. వాటి రెక్కలు గాజు నార, రెజిన్‌తో చేసిన కాంపోజిట్లే. పిడుగు తగిలి చీలినా, అంచు అరిగినా, తాడు మీద వేలాడుతూ వాటిని బాగుచేసే కుర్రాళ్లు మన ప్రాంతంలో ఉన్నారు. వాలు అరగదీయడం, పాత నార ఏ దిక్కుగా ఉందో చూసి కొత్త నారను అదే దిక్కుగా పరవడం, ప్లాస్టిక్ సంచి కప్పి గాలి లాగేసి అతుకును బిగించడం, వేడి దుప్పటితో సమంగా ఆరబెట్టడం వాళ్లకు రోజువారీ పని. అంత ఎత్తున గాలిలో చేయగలిగినవాడికి నేలమీద ఆటో మడ్‌గార్డు ఎంత? ఐటీఐలలో కరెంటు బండ్ల మెకానిక్ ట్రేడు వచ్చింది. అందులో మోటారు, బ్యాటరీ, కంట్రోలరు నేర్పుతున్నారు, బాడీ దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. అనంతపురం, కర్నూలు, కడప ఐటీఐలలో మూడు నెలల ఫైబర్ మరమ్మతు శిక్షణ పెట్టి, గాలిమరల పనివాళ్లను గౌరవ వేతనం మీద బోధకులుగా పిలవాలని నా అభ్యర్థన. చివరి పరీక్ష కాగితం మీద వద్దు. రెండు ఫైబర్ పట్టీలను 12 రెట్ల వాలుతో అతికించి ఇవ్వమనాలి, దగ్గరలోని ఇంజనీరింగు కళాశాలలో ఉన్న లాగుడు యంత్రంలో బిగించి తెగేదాకా లాగాలి. అతుకు దగ్గర విడిపోతే మళ్లీ చేయించాలి, అతుకు నిలిచి పక్కన పట్టీ తెగితే సర్టిఫికెట్ ఇవ్వాలి.